నోటి మార్ఫిన్ ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఉండాలి

ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

ముదిరిన క్యాన్సర్‌లో నొప్పి, ఆయాసం, వాంతులు, మలబద్ధకం తరచూ కలిసే వస్తాయి. జబ్బు నయం కాని దశలోనూ వీటిని చాలావరకు అదుపులో పెట్టవచ్చు. తీవ్రమైన నొప్పికి ప్రధానమైన మందు నోటి మార్ఫిన్. మామూలు మాత్రను నాలుగు గంటలకోసారి వేళ తప్పకుండా ఇవ్వాలి. నొప్పి తిరగబెట్టేదాకా ఆగకూడదు. మధ్యలో నొప్పి ఎక్కువైతే అదనపు మోతాదు ఉంటుంది. మొదటి రోజు నుంచే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా రాయాలి. మార్ఫిన్ వల్ల వచ్చే వికారం కొద్ది రోజుల్లో తగ్గుతుంది గానీ మలబద్ధకం తగ్గదు. ఇదే మందు చిన్న మోతాదులో ఆయాసానికీ పనికొస్తుంది. కిడ్నీలు దెబ్బతిన్నవారి విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. డాక్టరు పర్యవేక్షణలో వాడేవారు వ్యసనపరులవుతారన్న భయం చాలావరకు నిరాధారం. ఆ భయంతో మందు ఆపడం రోగిపై క్రూరత్వమే.

చట్టం అడ్డు కాదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టాన్ని పార్లమెంటు 2014లో సవరించి, మార్ఫిన్ వంటి అత్యావశ్యక మాదక ఔషధాలకు దేశమంతటా ఒకే నిబంధనలకు దారి వేసింది. గుర్తింపు పొందిన వైద్య సంస్థ వీటిని నిల్వ ఉంచవచ్చు. ప్రతి జిల్లా, ఏరియా ఆసుపత్రికీ ఆ గుర్తింపు ఉండేలా, డాక్టర్లకూ నర్సులకూ శిక్షణ అందేలా, మార్ఫిన్ నిల్వలు నిండుకోకుండా చూడవలసిందిగా మంత్రి గారికి మనవి.