డబ్బా మారిస్తే చాలు!

అక్క పెళ్లి వీడియోలోంచి అప్పగింతల ఘట్టం కత్తిరించి, నాలుగు ఫొటోలు కలిపి బంధువులకు పంపాలనుకుంటారు. కెమెరాలోంచి తీసిన ఫైలును ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తీసుకోనని మొరాయిస్తుంది. దొరికిన కన్వర్టర్‌లో వేస్తారు. 11 జీబీల ఫైలు కాస్తా 55 జీబీలై కూర్చుంటుంది. హార్డ్‌డిస్కు నిండిపోయిందని అసలు ఫైలును చెరిపేస్తారు. చేయకూడని పని అదే!

ఎందుకిలా ఉబ్బుతుంది?

ఎంపీ4, ఎంకేవీ, ఎంటీఎస్... ఫైలు పేరు చివర కనిపించే ఈ అక్షరాలు డబ్బా పేర్లు మాత్రమే. లోపలున్న కూర వేరు. దాన్ని ఎలా వండారో చెప్పేది కోడెక్. ఫోన్లు, కెమెరాల్లో ఎక్కువగా ఉండేవి 2003లో వచ్చిన హెచ్.264, 2013లో వచ్చిన హెచ్ఈవీసీ.

ఇవి మహా పొదుపరులు. అక్కడక్కడా ఒక ఫ్రేమునే పూర్తిగా దాస్తాయి. మిగతావాటిలో పక్క ఫ్రేములకూ దానికీ ఉన్న తేడానే రాసుకుంటాయి. పెళ్లి మండపం కదలదు, పురోహితుడి చెయ్యే కదులుతుంది. మరి మండపాన్ని ప్రతిసారీ దాచడం దేనికి?

చూడటానికి ఇది బాగానే ఉంటుంది. ఎడిటింగ్‌లో మాత్రం మధ్యలో ఒక ఫ్రేము కావాలంటే కంప్యూటర్ వెనక్కి వెళ్లి లెక్క కట్టుకుంటూ రావాలి. అందుకే నత్తనడక. ఈ ఇబ్బంది లేకుండా ప్రతి ఫ్రేమునూ విడిగా, పూర్తిగా దాచే కోడెక్‌లు ప్రోరెస్, డీఎన్ఎక్స్‌హెచ్‌డీ. పని హాయిగా సాగుతుంది, సైజే కొండంత!

లెక్క తేలికే. కెమెరా ఫైలు సెకనుకు 24 మెగాబిట్లనుకుందాం. 8తో భాగిస్తే 3 మెగాబైట్లు. గంటకు 10.8 జీబీ. అదే గంట ఫుల్ హెచ్‌డీ వీడియో, సెకనుకు 25 ఫ్రేములతో, ప్రోరెస్ 422లో సుమారు 122 మెగాబిట్లు. అంటే దాదాపు 55 జీబీ. మరి బొమ్మ అయిదింతలు మెరుగవుతుందా? అవదు. పాలల్లో నీళ్లు పోస్తే గిన్నె నిండుతుందే కానీ పాలు చిక్కబడవు.

ముందు లోపలేముందో చూడాలి

మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలును తెరిస్తే కోడెక్ ఏమిటో, సెకనుకు ఎన్ని మెగాబిట్లో చెబుతుంది. ఆ తర్వాత మూడు దారులున్నాయి.

డబ్బా మార్చడం: కోడెక్ మామూలుదే అయి, డబ్బా మాత్రమే నచ్చక సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే ఇదే మందు. దీన్ని రీమక్స్ అంటారు. అవిడెమక్స్‌లో వీడియో, ఆడియో రెండింటికీ 'కాపీ' ఎంచుకుని, ఔట్‌పుట్‌ దగ్గర ఎంపీ4 మక్సర్ పెట్టి సేవ్ చేయాలి. సైజు దాదాపు అంతే, నాణ్యత అంతే. కాస్త కత్తిరిస్తే చాలనుకుంటే లాస్‌లెస్‌కట్ ఉంది. కాకపోతే కోత పూర్తి ఫ్రేము దగ్గరే పడుతుంది కాబట్టి కొద్దిగా అటూ ఇటూ కావచ్చు.

ప్రాక్సీ: ఫైలు తెరుచుకుంటోంది కానీ కంప్యూటర్ ఈడుస్తోందా? షాట్‌కట్, కేడెన్‌లైవ్, డావిన్సీ రిజాల్వ్‌లలో ప్రాక్సీ సదుపాయం ఉంది. తేలికపాటి నకళ్లు తయారవుతాయి. కత్తిరింపులన్నీ వాటి మీద. తుది వీడియో మాత్రం అసలు ఫైళ్లనుంచే వస్తుంది. పనయ్యాక నకళ్లు తీసేయొచ్చు.

నిజంగా మార్చడం: కోడెక్కే పడకపోతే తప్పదు. హ్యాండ్‌బ్రేక్‌లో సైజు ఇంత అని బిగించకుండా 'కాన్‌స్టంట్ క్వాలిటీ' ఎంచుకోవాలి. ఫుల్ హెచ్‌డీకి 20 నుంచి 24 మధ్య అంకె సరిపోతుంది. అంకె తగ్గేకొద్దీ నాణ్యత, సైజు రెండూ పెరుగుతాయి. ఫోన్లో తీసిన వీడియోల్లో ఫ్రేముల వేగం నిలకడగా ఉండదు. దాంతో కొన్ని ఎడిటర్లలో మాట ముందూ, పెదవులు వెనకా అవుతాయి. 'కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్' పెడితే ఈ బాధ తప్పుతుంది. మార్చిన ఫైలునే మళ్లీ మళ్లీ మార్చకూడదు. జిరాక్సుకు జిరాక్సు తీసినట్టు ప్రతిసారీ కొంత మసకబారుతుంది.

పాత క్యాసెట్ల మాట?

బీరువాలో మినీ డీవీ క్యాసెట్లుంటే ఫైర్‌వైర్ తీగతో ఉన్నదున్నట్టు ఎక్కించుకోవాలి. గంటకు సుమారు 13 జీబీ. ఇందులో ప్రతి ఫ్రేమూ విడిగానే ఉంటుంది కాబట్టి ఎడిటింగ్ కోసం మార్చాల్సిన పనే లేదు.

ఏ దారిన వెళ్లినా అసలు ఫైలు రెండు చోట్ల ఉండాలి. ఒకటి కంప్యూటర్లో, ఇంకొకటి విడిగా హార్డ్‌డిస్కులో. ఎడిట్ చేసిన పది నిమిషాల వీడియో పోతే మళ్లీ చేసుకోవచ్చు. పెళ్లిలో అక్షతలు వేస్తూ తాతయ్య దీవించిన మాట పోతే మళ్లీ తీసుకురాలేం.