సాక్ష్యం చెప్పే హక్కు ఎవరిది?

2025 అక్టోబర్ 30 రాత్రి బాగా పొద్దుపోయాక చల్లపల్లి నుంచి మా అమ్మ ఫోన్ చేసింది. ఆమెకు క్రికెట్ తెలియదు. మహిళల ప్రపంచకప్ సెమీఫైనల్లో ఆస్ట్రేలియా విసిరిన 339 పరుగుల లక్ష్యాన్ని మన జట్టు ఛేదించిందనీ, జెమీమా రోడ్రిగ్స్ 127 పరుగులతో చివరిదాకా నిలబడిందనీ నేను చెబితే తప్ప ఆమెకు అర్థం కాలేదు. ఆమెను టీవీ ముందు కూర్చోబెట్టింది ఆట తరువాత ఆ అమ్మాయి మాట్లాడిన నాలుగు మాటలు. తన ఒక్కదాని వల్ల ఇది అయ్యేది కాదంటూ యేసుకు కృతజ్ఞతలు చెప్పి, ఆడలేక అలసిపోయిన వేళ నిర్గమకాండంలోని ఒక మాట తనను నిలబెట్టిందని ఆమె అన్నది. టోర్నీ అంతా ఆందోళనతో ఏడ్చానని కూడా దాచకుండా చెప్పింది. "ఒరే అబ్బాయ్, ఆ పిల్ల అంతమందిలో సాక్ష్యం చెప్పింది చూశావా?" అన్నది మా అమ్మ. తరువాత గొంతు తగ్గించి, "అలా టీవీలో చెబితే ఆ పిల్ల ఉద్యోగానికి ఏం కాదుగా?" అని అడిగింది.

ఈ రెండో ప్రశ్న గురించే ఈ వ్యాసం.

'సాక్ష్యం' అనే మాటకు కృష్ణా డెల్టా దళితవాడల్లో ఒక ప్రత్యేకమైన అర్థం ఉన్నది. ఆదివారం ఆరాధనలో ఎవరైనా లేచి, జబ్బు తగ్గిందనో, అప్పు తీరిందనో, తాగుడు మానేశాననో నలుగురి ముందు చెప్పుకోవడమే సాక్ష్యం. ఏడు రోజులూ ఇతరుల పొలాల్లో తల వంచుకుని పనిచేసిన మనిషికి తలెత్తి, తన పేరుతో, తన కథను తానే చెప్పుకునే వేదిక అది ఒక్కటే. మా తాతల కాలంలోనైతే ఊళ్లో మరో వేదిక లేనే లేదు. సీఎంఎస్ మిషనరీ రాబర్ట్ నోబుల్ 1843లో మచిలీపట్నంలో బడి పెట్టినప్పుడు ఆయన దృష్టి అగ్రవర్ణాల పిల్లల మీద ఉండింది. కానీ ఈ నేల మీద క్రైస్తవం ప్రజా ఉద్యమమైనది ఆ బడిలో కాదు. రాఘవాపురం మాలపల్లెకు చెందిన పగోలు వెంకయ్య 1859లో బాప్తిస్మం తీసుకున్న తరువాత, పల్లె వెంట పల్లెగా కదిలినప్పుడు అయింది. అది మోక్షానికి సంబంధించిన నిర్ణయం మాత్రమే కాదు, ఊరి ముందు చేసిన ప్రకటన కూడా. జెమీమా మాటలు మా అమ్మకు పరాయివిగా తోచకపోవడానికి కారణం అదే.

మరునాటికి సామాజిక మాధ్యమాల్లో తిట్లు మొదలయ్యాయి. దేశం కోసం ఆడి మతం మాట్లాడుతుందా అన్నారు. ఏడాది కిందట, 2024 అక్టోబర్‌లో, ముంబైలోని ఖార్ జింఖానా ఆమె గౌరవ సభ్యత్వాన్ని రద్దు చేసిన సంగతిని మళ్లీ తవ్వారు. క్లబ్బు ఆవరణను తండ్రి మతపరమైన సమావేశాలకు వాడారన్నది అప్పటి ఆరోపణ. అవి ప్రార్థనా సమావేశాలేననీ, అనుమతితోనే జరిపామనీ ఆయన బదులిచ్చారు. ఆ వివాదంలో నేను తీర్పరిని కాదు. ఇక్కడ అడగవలసింది వేరే ఉన్నది. మన తెలుగు కుర్రవాడు, విశాఖపట్నం నితీశ్ కుమార్ రెడ్డి, 2024 డిసెంబర్‌లో మెల్బోర్న్‌లో శతకం కొట్టి వచ్చి, జనవరిలో తిరుమల మెట్లను మోకాళ్లతో ఎక్కాడు. ఆ వీడియో చూసి తెలుగు రాష్ట్రాలు మురిసిపోయాయి. నేనూ మురిసిపోయాను. ఆ మోకాళ్లలో ఎంత నొప్పి ఉంటుందో, ఎంత కృతజ్ఞత ఉంటుందో నాకు తెలుసు. అది భక్తి అయినప్పుడు ఇది ప్రచారం ఎలా అయింది? ఒకరి విశ్వాసం గాలిలాగా కంటికి కనిపించనంత సహజం కావడం, మరొకరిది మాత్రం ప్రతిసారీ వివరణ ఇచ్చుకోవలసిన వస్తువు కావడం మెజారిటీ అనే మాటకు ఆచరణలో ఉన్న అర్థం.

ఆటలోకి మతాన్ని తెచ్చారని బాధపడేవారు భారత క్రికెట్ చరిత్ర ఒకసారి తిరగేస్తే మంచిది. 1946 దాకా బొంబాయిలో ప్రధాన టోర్నీ మతాల పేరుతోనే జరిగింది. హిందువులు ఒక జట్టు, పార్సీలు ఒక జట్టు, ముస్లింలు ఒక జట్టు, యూరోపియన్లు ఒక జట్టు. 1937లో క్రైస్తవులను, మరికొందరిని కలిపి 'ది రెస్ట్' అనే అయిదో జట్టును చేర్చారు. 'మిగిలినవాళ్లు' అన్నమాట! ఆ మిగిలినవాళ్లలో ఒకడైన సాంగ్లీ క్రైస్తవుడు విజయ్ హజారే 1943 ఫైనల్లో హిందూ జట్టు మీద, తన జట్టు చేసిన 387 పరుగుల్లో 309 ఒక్కడే కొట్టాడు. ఇక హిందూ జట్టు లోపల ఏం జరిగింది? తన తరంలో మేటి బౌలరైన పల్వంకర్ బాలూ దళితుడైనందువల్ల ఆ జట్టుకు నాయకుడు కాలేకపోయాడు. మతం పేరు పెట్టుకున్న జట్టు లోపల నిర్ణయాలు తీసుకున్నది కులం.

అయితే జెమీమాను చూపి మా పల్లెల కథ మొత్తం చెప్పడం కుదరదు. ఆమెను తిట్టినవారు ఆమె మనసును గాయపరచగలరు. ఆమె సర్టిఫికెట్‌ను తీసుకుపోలేరు. మా అమ్మ భయం సర్టిఫికెట్ గురించి.

1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివారు షెడ్యూల్డ్ కులస్థులు కారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను ఆ గీత లోపలికి తెచ్చారు. క్రైస్తవులు, ముస్లింలు ఇప్పటికీ బయటే ఉన్నారు. షెడ్యూల్డ్ తెగలకు ఇలాంటి మత షరతు లేదు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను, వారి సంతానాన్ని బీసీ-సీ కింద పెట్టి ఒక్క శాతం రిజర్వేషన్ ఇచ్చారు. అట్రాసిటీ చట్టం రక్షణ మాత్రం బీసీ-సీకి వర్తించదు. కాబట్టి డెల్టాలో ఒక ఏర్పాటు అలవాటైపోయింది. ఆదివారం క్రైస్తవులు, రికార్డులో హిందువులు. నాకూ ఇంట్లో ఒక పేరు, బడి రిజిస్టరులో మరో పేరు. మొదటిది పాత నిబంధనలోనిది, రెండోది తిరుమల కొండ మీది నుంచి దిగివచ్చినది. పేరు రాసుకున్న ఉపాధ్యాయుడు మేలు చేస్తున్నాననే అనుకున్నాడు, నిజానికి మేలే చేశాడు.

మా నాన్న సంఘ పెద్ద. మొండి మనిషి. చల్లపల్లి ఎస్టేటు భూముల కోసం ఎర్రజెండా పట్టుకున్న తరంవాడు, ఆ జెండాను గోడకు ఆనించి క్రిస్మస్ ఆరాధనకు వెళ్లినవాడు. నేను ఇంటర్మీడియట్‌లో చేరేటప్పుడు బీసీ-సీ సర్టిఫికెట్టే తీయించాడు. అబద్ధం రాసి చదవవద్దన్నాడు. నాతో పాటు చదివి, నాకంటే మంచి మార్కులు తెచ్చుకున్న పేట పిల్లలు ఎస్సీ సర్టిఫికెట్‌తో ఉద్యోగాలు సంపాదించారు. వారిది అబద్ధమని నేను ఏనాడూ అనుకోలేదు. ఊరివాళ్లు వారిని పిలిచిన పేరు, ఆ పేరుతో పాటు వచ్చిన దూరం, అన్నీ నిజమే కదా. కానీ ఈ రోజు నా పేరు పెట్టి ఈ వ్యాసం నేను రాయగలుగుతున్నాను. వారు రాయలేరు.

ఎందుకు రాయలేరో చెప్పడానికి రెండు తీర్పులు చాలు. 2024 నవంబర్ 26న, రాజ్యాంగ దినోత్సవం నాడే, పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో సుప్రీంకోర్టు ఆమె బాప్తిస్మాన్ని, క్రమం తప్పక చర్చికి వెళ్లడాన్ని లెక్కలోకి తీసుకుని ఎస్సీ సర్టిఫికెట్ ఇవ్వనక్కరలేదన్నది. నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనన్నది. 2025 ఏప్రిల్ 30న మన హైకోర్టు బాపట్ల ప్రాంతపు పాస్టర్ ఒకరు పెట్టిన అట్రాసిటీ కేసును కొట్టివేసింది. కులం పేరుతో తిట్టి దాడి చేశారన్నది ఆయన ఫిర్యాదు. పదేళ్లుగా పాస్టరుగా ఉన్నాడు గనుక ఆయన క్రైస్తవుడు, క్రైస్తవంలో కులం లేదు గనుక ఎస్సీ రక్షణ లేదు, చేతిలో ఎస్సీ సర్టిఫికెట్ ఉన్నా ఫలితం లేదు, ఇదీ తీర్పు సారాంశం. చట్టం మాట ప్రకారం న్యాయమూర్తి మరోలా రాయడం కష్టమేనేమో. కానీ ఆ తర్కాన్ని పాటించవలసింది ఎవరు? క్రైస్తవంలో కులం లేదన్న సంగతి తిట్టినవాడికి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇలా మా 'సాక్ష్యం' రెండు చోట్ల రెండు అర్థాలు పొందింది. చర్చిలో చెబితే విశ్వాసం. కోర్టులో అదే మాట చెప్పినవాడి మీదనే సాక్ష్యం. రాజ్యాంగం 25వ అధికరణ మతాన్ని ఆచరించే, ప్రచారం చేసే హక్కుతో పాటు దానిని ప్రకటించుకునే హక్కును కూడా ఇచ్చింది. ఆచరణ నాలుగు గోడల మధ్య సాధ్యం. ప్రకటించుకోవడానికి మాత్రం ఎదుట మరో మనిషి ఉండాలి. దళిత క్రైస్తవుడికి ఆ ఎదుటి మనిషే ప్రమాదం.

నాలుగు గోడలు అంటే గుర్తొచ్చింది. 2024 సెప్టెంబర్‌లో తిరుమల డిక్లరేషన్ వివాదం నడిచినప్పుడు మాజీ ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి తాను ఇంట్లో నాలుగు గోడల మధ్య బైబిల్ చదువుకుంటానని, బయట అన్ని మతాలనూ గౌరవిస్తానని విలేకరులతో అన్నారు. రాష్ట్రాన్ని ఏలిన మనిషి కూడా గోడల ప్రస్తావన తేవలసి వచ్చింది. అయినా ఆ విశ్వాసం బయటపడినందుకు రెడ్డి కులస్థుడు కోల్పోయేది ఎన్నికల లెక్కల్లో ఉంటుంది, కులంలో ఉండదు. రెడ్డి, కమ్మ క్రైస్తవులు మెడలో సిలువ వేసుకుని తిరిగినా వారి కులాన్ని ఎవరూ రద్దు చేయరు. భూమీ రద్దు కాదు.

చర్చి నిర్దోషి అని నేను అనడం లేదు. క్రైస్తవంలో కులం లేదన్న వాక్యాన్ని కోర్టులకంటే ముందు నమ్మించినది మన ఫాదర్లు, బిషప్పులే. మాలల చర్చి, మాదిగల చర్చి పక్కపక్కనే ఎందుకున్నాయో, పెళ్లి సంబంధాల దగ్గర బాప్తిస్మం ఎందుకు సరిపోదో వారే చెప్పాలి. ఆటగాళ్ల సాక్ష్యాల విషయంలోనూ నాకొక సంశయం ఉన్నది. దేవుడే గెలిపించాడంటే, ఆ రోజే 119 కొట్టిన లిచ్‌ఫీల్డ్ సంగతేమిటి? హీలీ చేజార్చిన క్యాచ్ ఏ లెక్కలోకి వస్తుంది? ఐశ్వర్యం వస్తుందని ఊరించే సువార్త సభలకు ఇలాంటి మాటలు బాగా ఉపయోగపడతాయి. జెమీమా గెలుపు గురించి కాక తన నిస్సహాయత గురించి ఎక్కువ చెప్పింది గనుక ఆమె మాట నాకు నచ్చింది.

రిజర్వేషన్ కావాలంటే మతం వదులుకోండి, మతం కావాలంటే రిజర్వేషన్ వదులుకోండి అనేవారికి 1976 నాటి గుంటూరు మెడికల్ కాలేజీ కేసును గుర్తు చేస్తాను. క్రైస్తవంలోకి మారిన దళిత దంపతుల కొడుకు హిందూమతంలో చేరి ఎస్సీ సీటు అడిగాడు. ఆ కులంవారు అంగీకరిస్తే అతడికి కులం తిరిగి వస్తుందని సుప్రీంకోర్టు అన్నది. వెళ్లినప్పుడు పోయి, రాగానే తిరిగి వచ్చేది ఏమిటి? కులం ఎక్కడికీ పోలేదు, గుర్తింపు ఒక్కటే పోయిందన్నమాట. మాలో మరింతమంది చేరితే ఉన్న 15 శాతంలో తమ వాటా తరుగుతుందన్న ఇతర దళితుల ఆందోళన మాత్రం న్యాయమైనదే. దానికి జవాబు వాటాను పెంచడం.

2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మూడో పేరాను తీసివేయమన్నది. దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చాలని మన శాసనసభ 2009లో ఒకసారి, 2023 మార్చిలో మరోసారి తీర్మానించింది. కేంద్రం 2022 అక్టోబర్‌లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసి, రెండేళ్లు ముగిశాక గడువు పొడిగించింది. ఈలోపు రెండు తరాల పిల్లలు రెండు పేర్లతో పెరిగారు.

జెమీమా మ్యాచ్ జరిగిన కొద్ది రోజులకు మా విశ్వవిద్యాలయం వాలీబాల్ జట్టులోని ఒక కుర్రవాడు నా గదికి వచ్చాడు. దివిసీమ పిల్లవాడు, ఎస్సీ సర్టిఫికెట్, రేపు స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం మీద ఆశ. సర్వీస్ చేసే ముందు గుండెల మీద సిలువ గుర్తు వేసుకోవడం చిన్నప్పటి నుంచి అలవాటట. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో వీడియోలు తీస్తారు కదా, వేసుకోవచ్చా సార్ అని అడిగాడు. రాజ్యాంగంలోని 25వ అధికరణను ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నవాడిని నేను. తలుపు దగ్గరకు వేసి, "మనసులో వేసుకో నాయనా" అన్నాను.