అదోషత్వం – అవధి

దోషరాహిత్యమే పరిపూర్ణత అని, దోషాలను లెక్కించవచ్చు గనుక పరిపూర్ణత వస్తునిష్ఠమని వాదించే లాక్షణికులు ముందుగా బొంతపల్లిని చూడవలసింది. ముడి ఔషధాల తయారీకి నెలవైన ఆ ప్రాంతంలో శుద్ధి అంకెలతోనే నిర్ణయమవుతుంది. అయినా భారతీయ ఔషధకోశం పారాసిటమాల్‌కు విధించిన అవధి 99.0 నుండి 101.0 శాతం. నూటికి మించిన శుద్ధి లోకంలో లేదు. ఆ పై శాతం కొలతలోని పొరపాటుకు విడిచిన చోటు. మాలిన్యం ఎంతవరకు సహ్యమో తేల్చేది రోగి క్షేమం, శూన్యాంకం కాదు.

మమ్మటుడు కావ్యలక్షణంలో అదోషత్వాన్ని చేర్చాడు. అట్లయితే కావ్యమే కరవవుతుందని ఆక్షేపించిన సాహిత్యదర్పణకర్త, పురుగు తొలిచినా రత్నం రత్నమే అన్నాడు. నిజానికి మమ్మటుడే దోషాన్ని రసహానితో ముడిపెట్టి నిర్వచించాడు. ఆ మాటను మనవారు సౌకర్యంగా మరిచారు. రసాన్ని విచారించకుండా యతిభంగాలు ఏరి పద్యాన్ని తిరస్కరించే విమర్శకు, ఆ కర్మాగారపు పరీక్షకున్న అవధి కూడా లేదు.