చిన్న సినిమాకు హాలు కావాలి

"చిన్న సినిమాకు థియేటర్ ఎందుకండీ, ఓటీటీకి ఇచ్చేస్తే సరిపోతుంది కదా" అనే మాట ఇప్పుడు ఫిలింనగర్‌లో హితబోధలా చెలామణీ అవుతోంది. దానికి తోడు ఇంకో మాట కూడా వినిపిస్తోంది. పాత చిత్రాలనూ స్వతంత్ర చిత్రాలనూ ఏరి ప్రత్యేకంగా వేసే హాళ్లు ప్రపంచంలో ఎక్కడున్నా గతం మీద మోజుతో బతుకుతున్నవేనట, వాటికి జనం లేరట, స్థలాల ధరల ముందు అవి ఎలాగూ నిలవవట. రెండూ తప్పుడు మాటలే. ఇవి నిజమని నమ్మి మనం చేతులు ముడుచుకుంటే నష్టపోయేది చిన్న సినిమా ఒక్కటే కాదు, మొత్తం సినిమా.

ముందు చరిత్ర చూద్దాం. అమెరికాలో బోస్టన్ పక్కన కేంబ్రిడ్జ్‌లో, హార్వర్డ్ స్క్వేర్ దగ్గర బ్రాటిల్ అనే హాలు ఉంది. భవనం 1890 నాటిది. 1953లో బ్రయంట్ హాలిడే, సైరస్ హార్వే అనే ఇద్దరు కుర్రాళ్లు దాన్ని సినిమా హాలుగా మార్చి, విదేశీ చిత్రాలూ పాత చిత్రాలూ వేయడం మొదలుపెట్టారు. రెండొందల పైచిలుకు సీట్లు, అంతే. ప్రొజెక్టర్ ప్రేక్షకుల వెనక ఉండదు, తెర వెనక ఉంటుంది. బొమ్మ అటువైపు నుంచి తెర మీద పడుతుంది. ఇంత ఇరుకు హాలు నడుపుతున్న ఆ ఇద్దరే 1956లో జానస్ ఫిల్మ్స్ అనే పంపిణీ సంస్థ పెట్టారు. స్వీడన్ దర్శకుడు బెర్గ్‌మన్ 'సెవెన్త్ సీల్', 'వైల్డ్ స్ట్రాబెర్రీస్' వంటి చిత్రాలు అమెరికన్ ప్రేక్షకులకు చేరింది ఆ సంస్థ ద్వారానే. ఆ సంస్థ పోగుచేసిన చిత్రాల భాండాగారమే 1984లో మొదలై మేటి చిత్రాలను వీడియోగా విడుదల చేస్తున్న క్రైటీరియన్ సంస్థకు పునాది అయింది. ఆ క్రైటీరియన్‌కు 2019 నుంచి సొంత ఓటీటీ ఉంది. ఇవాళ ఇంట్లో కూర్చుని ప్రపంచ సినిమా చూస్తున్నామని సంబరపడేవారు ఈ వరస గమనించాలి. ఏ చిత్రం దాచదగ్గదో ముందు హాలు తేల్చింది. ఓటీటీ ఆ తర్వాత వచ్చి దాన్ని అందుకుంది.

ఇక స్వతంత్ర చిత్రాల సంగతి. 1970 డిసెంబరులో న్యూయార్క్‌లోని ఎల్జిన్ అనే పాత హాల్లో, దాన్ని నడిపే బెన్ బారెన్‌హోల్ట్స్ 'ఎల్ టోపో' అనే చిత్రాన్ని అర్ధరాత్రి ఆటగా వేశాడు. మామూలు పద్ధతిలో వేసి ఉంటే వారం తిరక్కుండానే ఎత్తేసేవారు. అతను నెలల తరబడి ఆడించాడు. చూసినవాడు ఇంకొకరిని వెంటబెట్టుకొచ్చాడు. ఏడేళ్ల తర్వాత అదే మనిషి చేతుల మీదుగా డేవిడ్ లించ్ తొలి చిత్రం 'ఇరేజర్‌హెడ్' మరో హాల్లో అర్ధరాత్రి ఆటలతోనే జనంలోకి వెళ్లింది. స్టార్ లేని సినిమాకు తొలిరోజు జనం ఉండరు. మాట పాకడానికి దానికి వ్యవధి కావాలి, ఆ వ్యవధి ఇచ్చే మనిషి కావాలి. మనసున్న హాలు యజమాని ఆ రెండూ ఇస్తాడు.

ఓటీటీ ఇవ్వలేనివి సరిగ్గా ఈ రెండే. అక్కడ చిన్న సినిమా వందల పోస్టర్ల వరసలో ఒక పోస్టరు. ఎక్కువమంది నొక్కినదాన్నే ఇంకా ఎక్కువమందికి చూపించడం ఆ యంత్రాంగం స్వభావం. ఎవరూ నొక్కనిది అడుక్కి పోతుంది. 'ఈ శనివారం సాయంత్రం ఆరున్నరకు ఈ చిత్రం చూడండి, తర్వాత దర్శకుడు మీతో మాట్లాడతాడు' అని పేరు పెట్టి పిలిచే మనిషి అక్కడ లేడు. సినిమాను అందుబాటులో ఉంచడం వేరు, ప్రదర్శించడం వేరు.

'ఫోన్‌లో దొరికేదాన్ని హాలుకొచ్చి ఎవరు చూస్తారు' అని అడిగేవారికి మన తెలుగు సినిమాయే జవాబు చెప్పింది. 2022 మే 20న 'ఆర్ఆర్ఆర్' హిందీ వెర్షన్ నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చేసింది. పన్నెండు రోజుల తర్వాత, జూన్ 1న, ఒక స్వతంత్ర పంపిణీ సంస్థ అమెరికా హాళ్లలో ఒక్క రాత్రి ప్రత్యేక ప్రదర్శనగా దాన్ని మళ్లీ వేసింది. తెలుగు ఒక్క ముక్క రాని ప్రేక్షకులు టికెట్ కొనుక్కుని వచ్చారు. 2023 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లోని 1927 నాటి చైనీస్ థియేటర్లో వేసిన ప్రత్యేక ఆటలో 'నాటు నాటు'కు జనం లేచి తెర ముందుకెళ్లి ఆడారు. మార్చిలో ఆ పాటకు ఆస్కార్ వచ్చింది. ఆ చిత్రానికి అక్కడ కొత్త ప్రేక్షకులను కూడగట్టడంలో ఈ ప్రత్యేక ఆటల వంతు చిన్నది కాదు.

జనం లేరనేవారు లండన్ వైపు కూడా చూడాలి. అక్కడి ప్రిన్స్ చార్లెస్ సినిమా పాత చిత్రాలకూ, స్వతంత్ర చిత్రాలకూ పేరుపడ్డ హాలు. 2025 జనవరిలో, ఆరు నెలల నోటీసుతో ఖాళీ చేయించే షరతును కొత్త లీజులో పెట్టాలని భవన యజమానులు అంటున్నారని తెలియగానే లక్షమందికి పైగా పిటిషన్ మీద సంతకాలు చేశారు. అక్కడ కరవైంది ప్రేక్షకులు కాదు, హాలు కింది నేలకు భద్రత.

ఇలాంటి హాళ్లు చేసే ఇంకో పని బయటికి కనిపించదు. 35 ఎంఎం రీలు ఒక్కొక్కటి సుమారు ఇరవై నిమిషాలే ఆడుతుంది. రెండు ప్రొజెక్టర్లుంటే, తెర కుడివైపు పైమూల చుక్క పడగానే ఆపరేటర్ ఒకదాన్నుంచి రెండోదానికి మారుస్తాడు. ఒకే ప్రొజెక్టరుంటే రీళ్లన్నీ కోసి అతికించాలి. అందుకే అరుదైన ప్రింట్లు దాచిన ఆర్కైవులు సాధారణంగా రెండు ప్రొజెక్టర్లు, చెయ్యి తిరిగిన ఆపరేటర్ ఉన్న హాలుకే ప్రింటు పంపుతాయి. ఆ హాలు మూతపడితే ఆ విద్యా పోతుంది, ఆ ప్రింటు పెట్టెలోంచి బయటికి రాదు. బాగుచేసిన పాత చిత్రాలకూ ఇలాంటి హాలే కావాలి. సత్యజిత్ రాయ్ అపూ చిత్రత్రయం నెగెటివ్‌లు 1993లో లండన్ ల్యాబ్ అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. మిగిలిన ముక్కలను ఏళ్ల తరబడి బాగుచేసి, 2015 మేలో ఆ చిత్రాలను న్యూయార్క్‌లో ఫిల్మ్ ఫోరం అనే హాల్లో మళ్లీ ఆడించారు. అమెరికాలో వాటిని విడుదల చేసింది బ్రాటిల్ నుంచి పుట్టిన జానస్ సంస్థే.

'టికెట్ల మీద నిలవలేని హాలును ఎందుకు నిలబెట్టాలి' అన్నది చివరి వాదన. బ్రాటిల్‌ను ఇవాళ లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది. సభ్యత్వాలు, విరాళాలు, టికెట్లు కలిస్తేనే అది నడుస్తుంది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. 1901లో హైదరాబాద్‌లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1918 నాటి వేటపాలెం సారస్వత నికేతనం పాఠకులు కట్టే రుసుము మీదే బతికాయా? పుస్తకానికి చందా వేసి గూడు కట్టిన జాతికి సినిమా హాలుకు చందా వేయడం కొత్త విద్య కాదు.

మన పరిస్థితికొద్దాం. ఒకప్పుడు మన ఊళ్లలో ఉదయం ఆటలుండేవి. పాత చిత్రాలూ పరభాషా చిత్రాలూ తక్కువ టికెట్‌తో పొద్దున పదకొండింటికి పడేవి. ఒక తరం అభిరుచి అక్కడే పదునెక్కింది. ఇప్పుడు ఆ ఆట లేదు. చిన్న నిర్మాత హాలుకు అద్దె కట్టాలి, డిజిటల్ ప్రొజెక్షన్‌కు వారానికింతని కట్టాలి, శుక్రవారం జనం రాకపోతే సోమవారానికి సర్దుకోవాలి. మరోవైపు 2024 మేలో, ఆడించడానికి సినిమాల్లేవని తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు పది రోజులు మూసేశారు. ఆడించే హాలు లేక సినిమాలు, ఆడే సినిమా లేక హాళ్లు! ఈ రెంటినీ కలిపే మనిషిని మనం తయారుచేసుకోలేదు. 2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఐదు ఆటలకు అనుమతిస్తూ ఒకటి చిన్న సినిమాకివ్వాలంది. మంచి మాటే. కానీ చిత్రాన్ని ఎంచి, నాలుగు మాటలు చెప్పి, జనాన్ని పిలిచేవాడు లేకుండా జీవో ఒక్కటే హాలు నింపలేదు. 'కేరాఫ్ కంచరపాలెం' 2018లో నిలబడిందంటే, విడుదలకు ముందు ప్రత్యేక ఆటల్లో చూసినవాళ్లు పూనుకుని పదిమందికి చెప్పారు కాబట్టే.

అందుకే హాళ్ల యజమానులను అడుగుతున్నాను. వారానికి ఒక్క ఉదయం ఆట, ఒకే రోజు, ఒకే వేళ, ఏడాది పొడుగునా ఇవ్వండి. చిత్రాలను ఎంచే బాధ్యత సినిమా తెలిసిన ఒక మనిషికి అప్పగించండి. ఖాళీ సీట్లు చూసి రెండో వారానికే ఎత్తేయకండి. ప్రేక్షకులను ఇంకా గట్టిగా అడుగుతున్నాను. మంచి సినిమాలు రావడం లేదని నిట్టూర్చే హక్కు, ఆ ఆటకు టికెట్ కొన్నవాళ్లకే ఉంది.