మనస్సు కూడా క్షేత్రమే

ప్రదక్షిణం పూర్తయినా ఇంటికి వెళ్లక మంటపంలో నిలిచిపోయే భక్తులు కొందరుంటారు. రద్దీ తగ్గాక దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, జపానికి కూర్చుంటే మంత్రం మధ్యలో మరచిపోతున్నాను. నిద్ర పట్టడం లేదు. చిన్న మాటకే పిల్లలపై కోపం వస్తోంది" అంటారు. చాలా ఏళ్లు నేను ఇచ్చిన సమాధానం ఒక్కటే: "శ్రద్ధ చాలదు, జపసంఖ్య పెంచండి." అది శాస్త్రసమ్మతమని నాడు భావించాను. శాస్త్రాన్ని సగమే గ్రహించినవాని మాట అని నేడు అనుకుంటున్నాను.

ఈ పునరాలోచనకు ఒక కారణం బ్రూస్ మెక్‌యువెన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త కృషి. ఆయన న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో అర్ధశతాబ్దికి పైగా పరిశోధన సాగించి, 2020లో దేహం చాలించారు. మూత్రపిండాలపైన ఉండే అధివృక్క గ్రంథులు ఒత్తిడి వేళ స్రవించే హార్మోను మెదడులోని హిప్పోక్యాంపస్ అనే భాగానికి చేరి, అక్కడి కణాలలో నిలుస్తుందని ఆయన బృందం 1968లో ఎలుకలలో చూపింది. హిప్పోక్యాంపస్ స్మృతికి ఆధారమైన స్థానం. తదుపరి ప్రయోగాలలో ఎలుకలను రోజుకు కొన్ని గంటల చొప్పున 21 దినాలు నిర్బంధిస్తే, ఆ భాగంలోని నాడీకణాల శాఖలు కుంచించుకుపోయాయి. ఆపదలో మనను కాపాడే స్రావమే, ఆపద తొలగకపోతే దేహాన్ని అరగదీస్తుంది. ఆ అరుగుదల భారానికి 1993లో ఆయన, ఇలియట్ స్టెల్లర్ కలిసి 'అలోస్టాటిక్ లోడ్' అని పేరు పెట్టారు.

ఇదంతా మన ఋషులు ముందే చెప్పారని నేను అనను. హార్మోనుల ప్రస్తావన ఉపనిషత్తులలో లేదు. లేనిదానిని ఉన్నదనడం శ్రుతికి గౌరవం కాదు. అయితే మనస్సు దేహాధీనమన్న సత్యాన్ని శ్రుతి దాచలేదు. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు కుమారుడైన శ్వేతకేతువును పదిహేను దినాలు అన్నం మాని, నీరు మాత్రమే త్రాగమన్నాడు. పిమ్మట వేదం చెప్పమంటే, పన్నెండేళ్లు అధ్యయనం చేసిన ఆ యువకునికి ఒక్క మంత్రమూ స్ఫురించలేదు. అది శ్రద్ధాలోపమా? కాదు. భుజించగానే సమస్తమూ స్ఫురించింది.

గీత త్రయోదశాధ్యాయంలో భగవానుడు ఇచ్ఛను, ద్వేషాన్ని, సుఖదుఃఖాలను, చివరకు ధృతిని సైతం క్షేత్రంలోనే లెక్కించాడు. అంతఃకరణం దృశ్యం, ఆత్మ ద్రష్ట. కనుక కోపానికి, మరపునకు దేహంలో కారణాలు కనబడితే వేదాంతికి కలిగే భయమేమీ లేదు. శాస్త్రవేత్త పరిశీలించినది క్షేత్రాన్ని. క్షేత్రజ్ఞుడు ఆ ప్రయోగశాలకు విషయం కాడు.

"అన్నిటికీ హార్మోనులే కారణమైతే పురుషకారానికి చోటెక్కడ?" అని సాధకులు అడగవచ్చు. ఉచితమైన ప్రశ్నే. నిర్బంధం తొలగాక ఆ కుంచించుకుపోయిన శాఖలు తిరిగి పెరిగాయని కూడా ఆ పరిశోధనలే చూపాయి. మెదడు మారగలదు. మారగలిగినదానికే సాధన అవసరం. కానీ ఎలుక తన బంధనాన్ని తాను విప్పుకోలేదు, ఎవరో విప్పాలి. అప్పుల బాధలో ఉన్నవానికి, రాత్రి డ్యూటీలతో నిద్ర కరువైనవానికి, మంచం పట్టిన తల్లికి ఒంటరిగా సేవ చేసే కుమార్తెకు "నీలో భక్తి లేదు" అని చెప్పడం, మోస్తున్న బరువు మీద మరొక బరువు పెట్టడమే. జపం భారాన్ని దించాలి గాని, తానే భారం కారాదు. వైద్యుని ఆశ్రయించడం ఈశ్వరునిపై అవిశ్వాసం కాదు. ఇంటివారు పనిని పంచుకోవడం కూడా ధర్మాచరణమే.

ఇప్పుడు అటువంటివారు వస్తే మొదట "భోజనం చేశారా? ఎన్ని గంటలు నిద్రిస్తున్నారు? ఇంట్లో మీకు తోడెవరు?" అని అడుగుతున్నాను. మంత్రం మాట ఆ తరువాత. ఉద్దాలకుడు మరచిన కుమారుని నిందించలేదు. ముందు అన్నం తినమన్నాడు. ఆపైన సుషుప్తిని గురించి చెప్పి, అటుపిమ్మటనే మహావాక్యాన్ని ఉపదేశించాడు. ఉపదేశానికి కూర్చునే మావంటివారు ఆ క్రమాన్ని మరువరాదు.