భోజనాల బల్ల దగ్గర తుపాకీకి చోటు లేదు

టెక్సాస్‌లో బిర్యానీ హోటల్ నడుపుకునే మనిషి తన హోటల్లోకి తుపాకీ రాకూడదనుకుంటే గుమ్మానికి ఒక బోర్డు తగిలిస్తే సరిపోదు. లైసెన్సు ఉండి పిస్తోలు నడుముకు కనబడేలా కట్టుకొచ్చేవారికి ఒక బోర్డు, లైసెన్సు ఉండి చొక్కా కింద దాచుకొచ్చేవారికి ఇంకొకటి, అసలు లైసెన్సే లేనివారికి మూడోది పెట్టాలి. మొదటి రెండింటి మీద చట్టంలో ఉన్న మాటలే ఉండాలి. అవి ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ రాయాలి, అక్షరం ఎత్తు అంగుళానికి తగ్గకూడదు. పిస్తోలు తెచ్చేవాడికి మాత్రం 2021 సెప్టెంబరు 1 నుంచి ఏ కాగితమూ అక్కర్లేదు. 21 ఏళ్లు నిండి, తుపాకీ ఉంచుకోవడానికి చట్టం అనర్హుడిని చేయకపోతే చాలు. తెచ్చేవాడికి దారి తెరిచి, వద్దనేవాడి నెత్తిన బరువు పెట్టిన ఈ లెక్క తిరగబడాలి.

2025 సెప్టెంబరులో ఫ్లోరిడా అప్పీలు కోర్టు కూడా తుపాకీని బాహాటంగా ధరించడంపై అక్కడున్న నిషేధాన్ని కొట్టేసింది. అక్కడి హోటళ్లవారికీ ఇప్పుడు కనబడే తుపాకీతో చిక్కు.

తుపాకీ హక్కు అమెరికా రాజ్యాంగంలో ఉంది. దాని మంచిచెడ్డలు ఆ దేశ ప్రజలు తేల్చుకుంటారు. మేం మాట్లాడుతున్నది నలుగురూ కూర్చుని అన్నం తినే గది గురించి. ఒక తల్లి పిల్లాడిని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, బెల్టు బిగించి, ఇడ్లీ తుంచి నోట్లో పెడుతోంది. తలుపు తీసుకుని ఒకడు లోపలికొచ్చాడు, ఛాతీ మీద రైఫిల్ వేలాడుతోంది. ఆమె చూపు ముందు అతని చేతి మీదకు, తర్వాత వెనక తలుపు మీదకు, ఆ తర్వాత పిల్లాడి బెల్టు మీదకు పోతుంది. టిఫిన్‌కు వచ్చాడో, కాల్చడానికి వచ్చాడో ఆమెకు తెలిసేదెలా? మొదటి తూటా పేలేదాకా ఇద్దరూ ఒకేలా ఉంటారు.

పోలీసులకే తెలియలేదు మరి. 2016 జులై 7న డాలస్‌లో నిరసన ప్రదర్శన జరుగుతుండగా ఒక దుండగుడు అయిదుగురు పోలీసులను కాల్చి చంపాడు. ఆ ప్రదర్శనలో కొందరు చట్టబద్ధంగానే రైఫిళ్లు తగిలించుకుని నడుస్తున్నారు. హంతకుడెవరో, మామూలు మనిషెవరో తెలియక పోలీసులు తికమకపడ్డారు. ఏ పాపమూ ఎరగని ఒకతని ఫొటోను అనుమానితుడంటూ లోకమంతా చాటారు. శిక్షణ పొందినవాళ్లు పోల్చుకోలేనిది, పిల్లాడికి తినిపిస్తున్న తల్లి పోల్చుకోవాలా?

పెద్ద కంపెనీలు కొంత కదిలాయి, కానీ బెరుకుగా. 2013 సెప్టెంబరులో స్టార్‌బక్స్ అధిపతి హోవార్డ్ షుల్ట్జ్ తుపాకులు తేవద్దని బహిరంగ లేఖ రాశారు. 2014లో డాలస్ ప్రాంతంలో రైఫిళ్లతో వచ్చినవాళ్లను చూశాక చిపోట్లే కూడా అదే కోరింది. 2019 ఆగస్టులో ఎల్‌పాసో దుకాణంలో 23 మందిని బలిగొన్న కాల్పుల తర్వాత వాల్‌మార్ట్ సైతం అలాగే అడిగింది. అందరిదీ వినతే, నిషేధం కాదు. నిషేధిస్తే సాయుధులను తమ ఉద్యోగులు ఎదుర్కోవలసి వస్తుందని షుల్ట్జ్ చెప్పిన కారణం సరైనదే. టెక్సాస్‌లో వడ్డించే అమ్మాయికి యజమాని ఇవ్వాల్సిన కనీస కూలి గంటకు 2.13 డాలర్లు, మిగతాదంతా టిప్పులే. రైఫిల్ వేసుకొచ్చినవాడిని బయటికి పొమ్మనే పని ఆమె నెత్తిన పెట్టడం అన్యాయం. అందుకే వినతి చాలదంటున్నాం. చట్టప్రకారం బోర్డు ఉన్నాక పిస్తోలు కనబడేలా లోపలికి రావడమే నేరం. ఆ అమ్మాయి అతనితో వాదించక్కర్లేదు, పోలీసులకు ఫోన్ చేస్తే చాలు.

తుపాకీ దగ్గరుంటే ప్రాణాలు కాపాడుకోవచ్చనే అవతలివారి వాదన వెనక నిజమైన దుఃఖం ఉంది. 1991 అక్టోబరు 16న కిలీన్ పట్టణంలో లూబీస్ ఫలహారశాలలో ఒకడు 23 మందిని చంపాడు. అప్పటి చట్టానికి భయపడి తుపాకీని కారులోనే వదిలి వచ్చిన సుజానా హప్ తన అమ్మానాన్నలిద్దరినీ పోగొట్టుకున్నారు. దాచుకుని తుపాకీ తీసుకెళ్లేందుకు టెక్సాస్ 1995లో చట్టం చేయడం వెనక ఆమె పోరాటం ఉంది. కానీ ఆమె గొడవంతా చేతిసంచిలో ఉండే తుపాకీ గురించి. పదిమందికీ కనబడేలా వేలాడదీసుకున్న తుపాకీకి ఆ కన్నీళ్లు సమర్థన కావు. పైగా తుపాకీని ఆపాలంటే తుపాకీయే కావాలనీ లేదు. 2018 ఏప్రిల్ 22న నాష్‌విల్‌లో వాఫుల్ హౌస్‌లో నలుగురిని చంపిన రైఫిల్‌ను జేమ్స్ షా జూనియర్ ఉత్త చేతులతో లాగేసుకున్నాడు. గొట్టం వేడికి చెయ్యి కాలినా వదల్లేదు.

తెలుగువాళ్లకు ఇది దూరపు సంగతి కాదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్‌లోని ఒలేతలో, పని ముగించుకుని బార్ అండ్ గ్రిల్‌లో కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజనీర్ల మీద ఒకడు జాతివిద్వేషంతో కాల్పులు జరిపాడు. ఒకరు చనిపోయారు, ఒకరు గాయపడ్డారు. అడ్డుకోబోయిన అమెరికన్ యువకుడికీ తూటా తగిలింది. హంతకుడు ముందు గొడవపడి వెళ్లి, తుపాకీతో తిరిగొచ్చాడు. ఏ బోర్డూ అతన్ని ఆపేది కాదు, ఒప్పుకుంటాం. అయితే ఆ రాత్రి తర్వాత, హోటల్లో పక్క బల్ల దగ్గర తుపాకీ కనబడితే మన కుటుంబాలకు ముద్ద దిగుతుందా?

హవాయి 2023లో దారి చూపింది. యజమాని స్పష్టంగా అనుమతిస్తే తప్ప హోటళ్లలోకీ దుకాణాల్లోకీ తుపాకీ తేకూడదని చట్టం చేసింది. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కోర్టుల మాట ఎలా ఉన్నా, గుమ్మం యజమానిది. టెక్సాస్‌లో హోటళ్లూ బార్లలో చూస్తే, మద్యం మీద 51 శాతం లేదా అంతకు మించి రాబడి వచ్చే చోట్లకే చట్టం తనంతట తానుగా తుపాకీని నిషేధిస్తుంది. దోసెలూ బిర్యానీలూ అమ్మే మన హోటళ్లు ఆ లెక్కలోకి రావు. డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనోల్లోని తెలుగు హోటళ్ల యజమానులు ఆ మూడు బోర్డుల్లో కనీసం రెండు, బాహాటంగా తెచ్చేవారికీ లైసెన్సు లేనివారికీ ఉద్దేశించినవి, ఈ వారమే పెట్టాలి. లైసెన్సుదారుల పిస్తోలు బోర్డు రైఫిళ్లకు వర్తించదు, కాబట్టి వాటినీ వద్దంటున్నట్టు స్పష్టంగా రాయాలి. గిరాకీ పోతుందన్న భయం వద్దు. ఆ తల్లి కూడా గిరాకీయే. పిల్లాడి బెల్టు విప్పుకుని, సగం ప్లేటు వదిలేసి ఒకసారి లేచి వెళ్లిందంటే మళ్లీ రాదు, ఎందుకు రావడం లేదో చెప్పదు కూడా.