బగ్రామ్ నేల యెవరిది?

2025 సెప్టెంబరు మాసమున అమెరికా అధ్యక్షుడు ట్రంపుగారు ఒక ప్రకటన గావించిరి. ఆఫ్గనిస్థానములోని బగ్రామ్ విమానస్థావరమును కట్టినవారగు అమెరికనులకు దానిని తిరిగి యప్పగింపవలెననియు, లేనిచో కీడు తప్పదనియు దాని సారాంశము. కాబూలు నేలుచున్న తాలిబానులు అందుల కంగీకరింపలేదు. ఈ వ్యాజ్యమున తీర్పు చెప్పబూనువారు ముందుగా ఆ నేలయొక్క పూర్వచరిత్రను తెలిసికొనుట యుక్తము.

కాబూలునకు ఉత్తరమున సుమారు 60 కిలోమీటర్ల దూరములో నున్న యీ స్థావరమును మొదట కట్టినది అమెరికా కాదు. ఆఫ్గన్ ప్రధాని దావూద్ ఖాను ఆయుధములకై అమెరికాను అర్థించి, పొందజాలక, సోవియట్ రష్యాను ఆశ్రయించెను. 1950 దశాబ్దిలో రష్యా సాయముననే బగ్రామ్ వెలసినది. 1959 డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవరు ఆఫ్గనుల అతిథియై వచ్చినపుడు ఆయన విమానము దిగినదియు నిచ్చటనే.

అతిథులకు స్వాగతమిచ్చిన ఆ నేలయే ఇరువదేండ్లకు దండయాత్రకు ద్వారమయ్యెను. 1979 డిసెంబరున రష్యా సేనలు ఇచ్చట దిగి దేశము నాక్రమించెను. 1989 ఫిబ్రవరికి గాని విడిచిపోలేదు. పిదప అంతర్యుద్ధమున తాలిబానులకును ఉత్తరకూటమికిని నడుమ ఇది రణరంగమై శిథిలమయ్యెను. 2001లో అమెరికా సేనలు ప్రవేశించి, 2006లో 3,500 మీటర్లకు మించిన రెండవ రన్‌వేను నిర్మించెను. కావున అమెరికా కట్టినదియు కొంత కలదు. కాని పరుల దొడ్డిలో పాక వేసినవాడు దొడ్డికి యజమాని యగునా?

ఇక దస్తావేజును చూతము. 2006లో ఆఫ్గన్ ప్రభుత్వముతో జరిగిన ఒడంబడిక వలన స్థావరముపై నిరాటంకమైన స్వాధీనము అమెరికాకు సంక్రమించినది. దాని గడువెంత? తనకిక నక్కరలేదని అమెరికాయే నిర్ణయించుకొనునంతవరకు! కౌలుదారుని యిష్టమే గడువుగాగల కౌలుపత్రముపై తన కక్షిదారునిచే సంతకము చేయించు ప్లీడరు మన మునసబుకోర్టులలో నొక్కడైన నుండునా?

ఆ స్వాధీనమున జరిగినదేమి? 2002 డిసెంబరులో అచ్చటి నిర్బంధశాలలో ఇద్దరు ఆఫ్గనులు కావలివారి దెబ్బలకు మరణించిరి. సైనిక వైద్యపరీక్షకులే అవి నరహత్యలని నిర్ణయించిరి. తరువాత అచ్చటి ఖైదీలు కొందరు హెబియస్ కార్పస్ కోరగా, 2010 మే నెలలో వాషింగ్టను అప్పీలుకోర్టు వారి ప్రార్థనను త్రోసిపుచ్చెను. బగ్రామ్‌పై సార్వభౌమత్వము అమెరికాది కాదనుటయు, అది యుద్ధరంగమనుటయు అందు చూపిన ముఖ్యకారణములు. ఖైదీ న్యాయ మడిగినపుడు అది పరుల నేల! రన్‌వే కావలసినపుడు తమ సొత్తు! ఒకే కక్షిదారుడు ఇట్లు రెండు నోళ్ల పలికిన నే న్యాయాధిపతి విశ్వసించును?

2021 జూలై ఆరంభమున ఒక రాత్రి అమెరికా సేనలు విద్యుద్దీపములార్పి వెడలిపోయెను. ఆ సంగతి తనకు కొన్ని గంటల తరువాత గాని తెలియలేదని స్థావరమును స్వీకరించిన ఆఫ్గన్ సేనాని చెప్పెను. కౌలు తీరుట యన నిదియే. తమ యొడంబడిక ప్రకారముననే తమ హక్కు నాడు ముగిసినది. ఆగస్టు 15న స్థావరము తాలిబానుల వశమయ్యెను.

మేము తాలిబానుల పక్షము వహించుట లేదు. బాలికలకు ఉన్నతపాఠశాలల తలుపులు మూసిన పాలకులను సమర్థించుట యెవరికిని తగదు. కాని పాలకుడు దుష్టుడైనంతమాత్రమున ప్రజల నేల పరుల పాలు కారాదు. 2025 అక్టోబరులో మాస్కో సమావేశమున, ఆఫ్గనిస్థానములోను ఇరుగుపొరుగు దేశములలోను పరసేనల నెలకొల్పు యత్నములు అంగీకార్యములు కావని వెలువడిన ప్రకటనలో భారతదేశమును పాల్గొనెను. అది యుచితమైన పని.

అయితే ఇందు మనము నేర్వవలసినదియు కలదు. బగ్రామ్‌కు మొదట రష్యాను పిలిచినదియు, పిదప అమెరికాకు వ్రాసియిచ్చినదియు ఆఫ్గన్ ప్రభుత్వములే. అందుల ఫలము ననుభవించినది ప్రజలు. ఏ దేశమందైనను పరసేనకు నేల నిచ్చు పత్రమును సంతకమునకు ముందు ప్రజాప్రతినిధులు చదువవలెను. చదివి మొదట అడుగవలసిన ప్రశ్న యొక్కటే: వెడలిపొమ్మను హక్కు ఎవరి చేత నున్నది?